డాష్‌బోర్డు మీద దరువు

ఆ రోజు పొద్దున ఇన్‌స్పెక్టరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి తెరిచే ఆఫీసుకు ఎనిమిదింటికే చేరుకోవాలి. షెడ్డులో నిలిపి ఉన్న టెస్టు కారులో కూర్చుని, అద్దాలు పైకెత్తి, వంతెన మీద ఉన్న తొండను చంపాలి. ఆ తర్వాత రోజూలాగే ఉద్యోగం చేసుకోవాలి.

ఇన్‌స్పెక్టరుగారంటే డ్రైవింగ్ లైసెన్సుల ఆఫీసులో, ఎవరికి బండి నడపడం వచ్చో ఎవరికి రాదో తేల్చే పెద్దమనిషి. యాభై రెండేళ్ళవాడు. ఆయన సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే రోజూ అద్దం ముందు ఆయనకు గడ్డం గీసేది నేనే. ‘నేను’ అని చెప్పుకోవడానికి మొహం చెల్లక ‘ఆయన’ అంటున్నాను. కథ అయ్యేసరికి ఆ మర్యాద కూడా దండగ అని మీకే అనిపించవచ్చు.

ఇక తొండ సంగతి. పది రోజుల కిందట, పరీక్షలు దగ్గర పడుతున్నాయని ఆయన తన కూతురి చేతిలోంచి వీడియో గేమ్ లాక్కున్నాడు. అరచేతిలో ఇమిడిపోయే వస్తువు. లాక్కుంటూ ఏకాగ్రత గురించీ, క్రమశిక్షణ గురించీ, గడిచిన కాలం తిరిగి రాకపోవడం గురించీ ముప్పావుగంట మాట్లాడాడు. ఆ పిల్ల అంతా విని, “ఛార్జరు నా సొరుగులో ఉంది నాన్నా” అంది. అందులో వెటకారం ఉందని ఆయనకు మూడో రోజుకు గాని తట్టలేదు. అప్పటికి ఆయన ఆ సొరుగు తెరిచి వెతుకుతున్నాడు.

ఆ ఆటలో మనకొక చీమల సైన్యం ఉంటుంది, దాని దారికి అడ్డంగా వంతెన మీద ఒక తొండ ఉంటుంది. ఏ చీమనూ మనం వేలుపెట్టి నడిపించలేం. మన చేతిలో ఉన్నది ఒక్క డప్పు. ఒక మీట నొక్కితే ధం, ఇంకోటి నొక్కితే టక్. ధం ధం ధం టక్ అంటే ముందుకు నడవండి. టక్ టక్ ధం ధం అంటే కొట్టండి. ధం టక్ ధం టక్ అంటే వెనక్కి రండి. నాలుగు దెబ్బలు మనం వేస్తే, మళ్ళీ నాలుగు దెబ్బలంతసేపు చీమలు పాడుకుంటూ ఆ పని చేస్తాయి. అవి పాడే ఆ కాస్త వ్యవధిలోనే మనం ఆలోచించుకోవాలి: డాళ్ళు పట్టిన చీమలు ముందుండాలా, ఈటెలు పట్టినవి ముందుండాలా, ఎదురుగాలిలో బాణాలు అందుతాయా అని. ఆలోచనలో పడితే తాళం తప్పుతుంది. తాళం చూసుకుంటే ఆలోచన జారిపోతుంది. రెండూ కుదిరి పది విడతలు తప్పకుండా కొడితే మాత్రం చీమలకు పూనకం వస్తుంది. గొంతులు పెంచి పాడుతూ రెట్టింపు బలంతో మీదపడతాయి. ఒక్క దెబ్బ అటూ ఇటూ అయిందా, పాట ఆగిపోయి, చీమలన్నీ తలలు తిప్పి మన వంక చూస్తాయి. ఆ చూపు భరించడం కష్టం.

ఆ వయసులో ఆయన చీమలకు ఎందుకు లొంగిపోయాడని అడిగితే ఆయన చెప్పలేడు, నేను చెబుతాను. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఉద్యోగమంతా జనాన్ని ఆపడమే. ఆయన పక్క సీట్లో కూర్చున్నాడంటే ఎంతటివాళ్ళకైనా అరచేతులు తడిసిపోతాయి. ఆయన్ను చూసి పాట పాడిన ప్రాణి ఇంతవరకు లేదు, ఇంట్లోవాళ్ళతో సహా. అలాంటి మనిషికి, ముందుకు అంటే ముందుకు వెళ్ళి, పైగా సంతోషంగా పాడే ప్రాణులు రెండు వందలు దొరికాయి. ఆయనకు అది చాలా బాగుంది.

ఆ రోజు షెడ్డులో తొమ్మిది విడతలు తప్పకుండా వచ్చాయి. పదోది కొడుతుండగా వాచ్‌మన్ హాజరు పట్టీ తీసుకొచ్చి కారు అద్దం మీద తట్టాడు. తాళం పోయింది. చీమలన్నీ ఆయన వంక చూస్తుండగానే తొండ వాటిని నాకేసింది. ఇన్‌స్పెక్టరుగారు సంతకం పెట్టి, ఆటను కోటు జేబులో పడేసి, మొదటి అభ్యర్థిని పిలవమన్నాడు.

వరసలో పదహారుమంది ఉన్నారు. పదహారో చీటీ పట్టుకుని చివర నిలబడ్డ ఆవిడను ఆయన ఎరుగును. ఆస్పత్రిలో అంబులెన్సు వెనక కూర్చుని స్ట్రెచరు పట్టే మనిషి. ఇప్పుడు ఆ అంబులెన్సు నడిపే ఉద్యోగమే ఆవిడకు ఇస్తామన్నారు. ఆ సాయంత్రం ఐదులోగా లైసెన్సు చూపించాలి, లేకపోతే జాబితాలో తర్వాతివాళ్ళకు పోతుంది. అప్పటికి ఆవిడ నాలుగుసార్లు ఫెయిలైంది. నాలుగుసార్లూ ఫెయిల్ చేసింది ఇన్‌స్పెక్టరుగారే. కారణమూ ఒకటే.

ఆ పరీక్షలో ఒక ఘట్టం ఉంది. బండి వీధిలో పోతుండగా ఇన్‌స్పెక్టరు హఠాత్తుగా డాష్‌బోర్డు మీద చేత్తో కొడతాడు. రోడ్డుకు అడ్డంగా ఎవరో వచ్చారని అర్థం. ఆ క్షణమే బ్రేకు వేయాలి. దెబ్బకూ బ్రేకుకూ మధ్య కన్ను ఆర్పేంత ఎడం ఉన్నా ఇన్‌స్పెక్టరుగారు ఊరుకోడు. ఆవిడకు ప్రతిసారీ ఆ ఎడం వచ్చేది.

మొదట వచ్చినవాడు రిటైరైన చరిత్ర లెక్చరరు. బండిని బడిపిల్లవాడిలా బుద్ధిగా నడుపుతున్నాడు. పక్కన ఇన్‌స్పెక్టరుగారు, ఈటెల్ని ముందు పెట్టి ఉంటే ఎలా ఉండేదా అని ఆలోచనలో మునిగాడు. ఇంతలో బండి గక్కున ఆగింది. కదిలింది. మళ్ళీ ఆగింది. అలా నాలుగుసార్లు ఆగాక ఆయన ఉలిక్కిపడి, కాగితం మీద ‘అకారణంగా బ్రేకు వేస్తున్నాడు’ అని రాసి ఫెయిల్ చేశాడు.

“మీరే కొట్టారు కదండీ,” అన్నాడు లెక్చరరు.

తాను కొట్టలేదని ఇన్‌స్పెక్టరుగారు గట్టిగా చెప్పాడు. అబద్ధమాడాలని కాదు, నిజంగానే ఆయనకు తెలియదు. రెండోవాడు ఒక దర్జీ. అతనూ అలాగే నాలుగుసార్లు ఆపి, ఫెయిలై, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. మూడోవాడు డ్రైవింగ్ స్కూలు కుర్రాడు. బండి ఆపినప్పుడల్లా ఇన్‌స్పెక్టరుగారి కుడిచేతి వంక చూస్తున్నాడు. ఇన్‌స్పెక్టరుగారూ చూశాడు. వేళ్ళు డాష్‌బోర్డు మీద వాటంతటవే టక్ టక్ ధం ధం కొడుతున్నాయి.

అప్పుడే తప్పు ఒప్పుకుని, మొదటి ఇద్దరినీ వెనక్కి పిలిచి ఉంటే ఈ కథ లేదు. కానీ ఇరవై రెండేళ్ళలో ఆయన ఇచ్చిన ఫలితం మార్చిన దాఖలా లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. అందుకని గొంతు సవరించుకుని, “ఇవాళ్టి నుంచి కొత్త పద్ధతి” అన్నాడు. అంటే ఏమిటని కుర్రాడు అడిగాడు. ఏమిటో ఆయనకు మాత్రం ఏం తెలుసు? నోటికి వచ్చింది చెప్పాడు, నోటికి వచ్చింది చీమల పాఠమే. మూడు ధంలు ఒక టక్ వస్తే ముందుకు. ధం టక్ ధం టక్ వస్తే వెనక్కి. విడిగా ఒక్క దెబ్బ పడితే ఆగడం. ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి కుర్రాడిని పాస్ చేశాడు కూడా.

కుర్రాడు బయటికి వెళ్ళి ఈ సంగతి తన డ్రైవింగ్ స్కూలు మాస్టారికి చెప్పాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం ఆ మాస్టారు. పావుగంటలో ఒక అట్టముక్క మీద దరువులన్నీ పెద్ద అక్షరాలతో రాసి గేటుకు తగిలించాడు. వరసలో ఉన్నవాళ్ళందరి చేతా తొడలు చరిపించి సాధన చేయించాడు. పది గంటలకల్లా మిగతా డ్రైవింగ్ స్కూళ్ళవాళ్ళు వచ్చి ఆ అట్టను ఫోటోలు తీసుకున్నారు. ఒకాయనైతే టక్ ఎడమచేత్తోనా కుడిచేత్తోనా అని మాస్టారిని అడిగాడు. మాస్టారు కాసేపు ఆలోచించి, ఎడమచేత్తో అన్నాడు.

లోపల ఇన్‌స్పెక్టరుగారి పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా ఉండాల్సింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, అలా లేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు బెల్టు పెట్టుకుని దరువు కోసం చెవులు రిక్కించేవారు. ఆయన ధం ధం ధం టక్ అనగానే బండి కదిలేది. ధం టక్ ధం టక్ అనగానే వెనక్కి వచ్చి గీతల మధ్య నిలబడేది. ఒక గుమాస్తా నడుపుతూ గొంతులోనే చిన్నగా కూనిరాగం కూడా తీశాడు. ఇన్‌స్పెక్టరుగారి కళ్ళు చెమర్చాయి. వరసగా పన్నెండుమంది పాసయ్యారు. ఆ ఆఫీసులో ఒక్క పూటలో అంతమంది పాసవడం అంతకుముందెప్పుడూ లేదు.

ఇంతలో పై అధికారిణి మేడమ్‌కు వేరే లైసెన్సు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. దరువుల సర్క్యులరు తమకింకా అందలేదని, ఒక ప్రతి పంపమని అడిగారు. ఆవిడ తన బల్ల మీద ఉన్న ఫైళ్ళన్నీ తిరగేసింది. తర్వాత కిటికీలోంచి చూస్తే, పాసైనవాళ్ళు కూడా ఇళ్ళకు పోకుండా గేటు దగ్గర తొడలు చరుస్తూ కనిపించారు. ఆవిడ మెట్లు దిగి నేరుగా టెస్టు కారు దగ్గరికి వచ్చి, పదహారో అభ్యర్థి స్టీరింగు ముందు కూర్చునేసరికి వెనక సీట్లో కూర్చుంది.

మేడమ్‌ను చూడగానే ఇన్‌స్పెక్టరుగారికి పూనకం దిగిపోయింది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద గట్టిగా కూర్చుని, బయల్దేరమని నోటితో చెప్పాడు. బండి కదల్లేదు.

“కొట్టండి సార్,” అంది స్ట్రెచరావిడ.

నోటితో చెబుతున్నాను కదమ్మా అన్నాడాయన నెమ్మదిగా. నోటిమాట లెక్కలోకి రాదని, దరువు పడకుండా కదిలితే ఫెయిలని మాస్టారు మరీ మరీ చెప్పాడంది ఆవిడ. ఐదోసారి ఫెయిలవడానికి ఆవిడ సిద్ధంగా లేదు. స్టీరింగును గట్టిగా పట్టుకుని కూర్చుంది.

“కొట్టండి,” అంది మేడమ్ వెనక నుంచి. “నేనూ చూస్తాను.”

కొట్టాడు. మొదటి విడత తడబడుతూ, రెండోది కాస్త తేరుకుని. బండి నీళ్ళ మీద పడవలా సాగింది. ఆవిడ నిజంగా బాగా నడుపుతోంది. మలుపు దగ్గర అద్దం చూసింది, బడి దగ్గర వేగం తగ్గించింది, నాలుగు దెబ్బలకు సరిగ్గా నాలుగు దెబ్బలంతసేపు జవాబు చెప్పింది. ఐదో విడతకు ఇన్‌స్పెక్టరుగారు వెనక సీటును మరిచిపోయాడు. ఏడో విడతకు తానెక్కడున్నాడో మరిచిపోయాడు. తొమ్మిది తప్పకుండా వచ్చాయి. ఇంకొక్కటి. సరుకుల గోడౌను గేటులోంచి ఒక లారీ వెనక్కి వస్తూ రోడ్డు మీదికి తోక పెట్టింది. ఆయన కళ్ళు లారీని చూశాయి, బుర్ర మాత్రం తొండను చూసింది. ధం ధం ధం టక్.

బండి ఉన్నచోటే ఆగిపోయింది. లారీ వెనకభాగం కారు ముక్కుకు జానెడు దూరంలోంచి అడ్డంగా వెళ్ళింది. లారీలోని పెట్టెల మీద ‘గాజు సామాను’ అని రాసి ఉండటం ముగ్గురూ చదవగలిగారు. ముందుగా నోరు తెరిచింది ఇన్‌స్పెక్టరుగారే. ఏమన్నాడో చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గే.

“నేను ముందుకన్నాను,” అన్నాడు.

“అన్నారు సార్. నాలుగుసార్లు రోడ్డు వంక చూసే ఫెయిలయ్యాను. ఈసారీ రోడ్డు వంకే చూశాను.”

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది, ఆయన కూడా కాస్త కోపం తెచ్చుకునేవాడు. ఆ నాలుగుసార్లూ ఆవిడ బ్రేకు ఎందుకు ఆలస్యమైందో ఆయనకు అప్పుడు తెలిసింది. దెబ్బ పడగానే ఆవిడ ముందు రోడ్డు మీద ఏముందో చూసేది, తర్వాత ఆపేది. దాన్నే ఆయన తప్పుగా రాసుకున్నాడు.

ఈ దరువు ఏ సర్క్యులర్లో ఉందని మేడమ్ అడిగింది. ఆయన తేలు కుట్టిన దొంగలా కోటు జేబులోంచి ఆటను తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. తెర మీద చీమలన్నీ తలలు తిప్పి ఆయన వంకే చూస్తున్నాయి. ఇది ఎవరిదని ఆవిడ అడిగింది. మా అమ్మాయిదండీ అన్నాడు. అమ్మాయి ఎక్కడుందని అడిగింది. బడిలో పరీక్ష రాస్తోందండీ అన్నాడు. మేడమ్ ఆటను ఆయనకే తిరిగి ఇచ్చేసింది.

స్ట్రెచరావిడ పాసైంది. ఆ కాగితం మీద ఇన్‌స్పెక్టరుగారే సంతకం చేశాడు, సంతోషంగానే చేశాడు. మూడున్నరకు లైసెన్సు చేతికి రాగానే ఆవిడ థాంక్స్ కూడా చెప్పకుండా ఆస్పత్రివైపు పరుగెత్తింది. మిగతా పదిహేనుమందికి మర్నాడు చిన్న ఇన్‌స్పెక్టరు మళ్ళీ పరీక్ష పెట్టాలని మేడమ్ ఆర్డరు రాసింది. రాసి, కలం మూయబోయి, పదహారో నంబరు ఖాళీ అయింది కదా అని అక్కడ ఇన్‌స్పెక్టరుగారి పేరు చేర్చింది.

సాయంత్రం ఆయన ఆటను కూతురికి అప్పగించి, జరిగిందంతా చెప్పాడు. ఆ పిల్ల నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కుందంతే. వంతెన దగ్గర ఏమేం చేశావని అడిగింది. డాళ్ళు ముందు పెట్టాననీ, ఈటెలు ముందు పెట్టాననీ, పది రోజులు తలకిందులుగా తపస్సు చేసినా తొండ కదల్లేదనీ ఆయన చెప్పుకున్నాడు.

“అక్కడ వెనక్కి రావాలి నాన్నా. తొండే ముందుకొచ్చి నీళ్ళల్లో పడుతుంది.”

వెనక్కి రావడమన్నది ఆ పది రోజుల్లో ఆయనకు ఒక్కసారి కూడా తోచలేదు.

మర్నాడు పొద్దున ఆయన పదహారో చీటీ పట్టుకుని, ఎండలో, వరస చివర నిలబడ్డాడు. లెక్చరరు వెనక్కి వచ్చి, కంగారు పడొద్దనీ, బెల్టు మరిచిపోవద్దనీ మంచిమాటలు చెప్పాడు. మధ్యాహ్నం ఆయన వంతు వచ్చింది. చిన్న ఇన్‌స్పెక్టరు ఎంతో మర్యాదగా పక్కన కూర్చుని, నమస్కారం పెట్టి, వీధి మధ్యలో డాష్‌బోర్డు మీద ఒక్క దెబ్బ కొట్టాడు.

ఇన్‌స్పెక్టరుగారు ముందు రోడ్డు మీద ఏముందో చూసి, తర్వాత ఆపాడు. రెండోసారికి పాసయ్యాడు.