నూరు శాతం హాజరు

"మన పాత ఫోన్లు ముసలివి కావు, అనుభవజ్ఞులు. వాటికి కొత్త మెదడు పెడుతున్నాం!" అని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించగానే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అసలు కుర్చీలే వేయలేదన్నది వేరే సంగతి.

ఐదేళ్ల కిందట డిపార్ట్‌మెంట్ పంచిన ఆ అనుభవజ్ఞుల్లో ఒకటి నడక నర్సమ్మ దగ్గరుంది. ఇంటింటికీ కాలినడకన తిరిగి పసిపిల్లలకు టీకాలు వేస్తుంది, గర్భిణులకు బీపీ చూస్తుంది. అందుకని జనం పెట్టిన పేరది. మర్నాడు ఆమె ఫోన్ తెరవగానే 'అప్‌డేట్ చేయమంటారా?' అని అడిగింది. జవాబుకు రెండు బటన్లు. ఒకటి 'సరే'. రెండోది 'సంతోషంగా సరే'. జనాభిప్రాయమంటే మంత్రిగారికి అంత గౌరవం. నర్సమ్మ మొదటిది నొక్కింది.

ఇకమీదట ఉద్యోగి ఎక్కడుందో ఫోనే గంటగంటకూ పై ఆఫీసుకు చెప్పేస్తుంది. ఫోన్ ఆగిపోయిందా, ఉద్యోగి గైర్హాజరు. కొత్త మెదడు బాగా ఆలోచించేది కాబోలు, ఇదివరకు సాయంత్రం దాకా వచ్చే ఛార్జింగ్ పదకొండుకల్లా అయిపోసాగింది.

నాలుగో రోజు ఉదయం కిటికీ అద్దాలు బిగించే పనివాడొకడు ఫోన్ చేశాడు.

"అక్కా, మా ఆవిడకి నొప్పులొస్తున్నాయి. మేం ఇల్లు మారాం. ఇప్పుడు ఉంటున్నది..."

అంతే, ఫోన్ ఆరిపోయింది.

నర్సమ్మ పాత ఇంటికి పరుగెత్తింది. పక్కవాళ్లనడిగి, నాలుగు వీధులు గాలించి, చివరికి ఓ మూడో అంతస్తులోంచి వచ్చిన అరుపు విని మెట్లెక్కింది. ఆడపిల్ల. పేగు మెడకు చుట్టుకుని పుట్టింది. కాసేపు ఏడవలేదు. బిడ్డ ఏడ్చాక నర్సమ్మకూ ఏడుపొచ్చింది.

వారం తిరక్కుండా మెమో అందింది. ఆ రోజు డ్యూటీలో లేదట. ఇలాంటివి మూడొస్తే కాంట్రాక్టు రద్దు.

"ఆ రోజు పురుడు పోశాను సార్" అంది ఆఫీసరుతో.

ఆఫీసరుగారు మృదుస్వభావి. స్క్రీన్ ఆమె వైపు తిప్పారు. "చూడండమ్మా, పదకొండు నుంచీ మీరు లేరు."

"నేను లేకపోతే బిడ్డనెవరు తీశారు సార్?"

"అది వైద్యపరమైన ప్రశ్న. మనం సాంకేతిక విషయం మాట్లాడుకుంటున్నాం."

"ఈ అప్‌డేట్ వచ్చాకే బ్యాటరీ పడిపోతోంది. పాతదే పెట్టించండి సార్."

"పడిపోవడం కాదమ్మా. ఇదివరకు అది లేని ఛార్జింగ్ ఉన్నట్టు చూపించేది. ఇప్పుడు నిజాయితీ నేర్చుకుంది. అయినా మీ ఇబ్బంది విని మంత్రిగారు కరిగిపోయారు. బ్యాటరీని కాపాడే అప్‌డేట్ ఇంకోటి పంపిస్తున్నారు."

ఆ కరుణ కూడా ఫోన్‌లోకి దిగాక, తొమ్మిదిన్నరకే ఆరిపోవడం మొదలైంది.

మిగతా నర్సులు తెలివైనవాళ్లు. ఆఫీసులోనే గోడవారన చేరి, ఫోన్లు ప్లగ్గులకు తగిలించి కూర్చున్నారు. సర్వీసు ఎక్కువున్నవాళ్లకు ఫ్యాను కింది ప్లగ్గు.

"నువ్వూ రావే, ఇక్కడొకటి ఖాళీగా ఉంది" అని పిలిచింది స్నేహితురాలు.

"మరి టీకాలో?"

"వాటిని ఎవరడుగుతున్నారు? హాజరు కదా అడిగేది!"

నర్సమ్మ ఒక్కరోజు కూర్చుంది. ఆ రోజు ఆమె హాజరు అద్దంలా మెరిసింది. ఐసు డబ్బాలో ఇరవై టీకాలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. సాయంత్రం వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టి తిరిగి ఫ్రిజ్‌లో పెట్టింది. మర్నాడు సంచీ భుజాన వేసుకుని మళ్లీ నడిచింది. రెండో మెమో వచ్చింది. మూడోది ఇంకా తొందరగా వచ్చింది.

ఆర్నెల్లకు విజయోత్సవ సభ. కాంట్రాక్టు రద్దు కాగితం ఆ వేళే చేతికంది, డిపార్ట్‌మెంట్ ఫోన్ అప్పజెప్పడానికి వచ్చిన నర్సమ్మ తలుపు దగ్గర నిలబడి విన్నది.

"ఐదు నెలలుగా ఒక్క గంట కూడా డ్యూటీ వదలని నర్సు మన మధ్య ఉన్నారు. పగలూ రాత్రీ, సెలవు రోజుల్లో సైతం!" మంత్రిగారు మైకును ఇంకా దగ్గరికి లాక్కున్నారు. "ఉద్యోగి నంబరు పద్నాలుగు, వేదిక మీదికి రావాలి!"

ఎవరూ లేవలేదు. నర్సులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏరీ ఆవిడ?"

ఆఫీసరుగారు స్క్రీన్ చూశారు. "డ్యూటీలో ఉన్నారు సార్."

"చూశారా! మెడల్ ఇస్తామన్నా డ్యూటీ వదల్లేదు!" అన్నారు మంత్రిగారు. హాలు దద్దరిల్లింది.

ఆఫీసరుగారు తలుపు దగ్గరికొచ్చి మెడల్ నర్సమ్మ చేతిలో పెట్టారు. "ఎలాగూ స్టోరుకే వెళ్తున్నారుగా అమ్మా, ఇదీ ఇచ్చేయండి. ఆవిడ లొకేషన్ అక్కడే చూపిస్తోంది."

పద్నాలుగో నంబరు పెద్దక్క రిటైరై ఐదు నెలలైంది. ఆవిడ అప్పజెప్పి వెళ్లిన ఫోన్ స్టోరు గదిలో బీరువా పక్కన, ఛార్జర్‌కు తగిలించి ఉంది.

నర్సమ్మ మెడల్ బల్ల మీద పెట్టి, తన ఫోన్ కూడా అందించింది. స్టోరు గుమాస్తా పద్ధతైన మనిషి. రిజిస్టర్‌లో సంతకం తీసుకుని, ఆమె ఫోన్‌ను పక్క ప్లగ్గుకు తగిలించాడు.

"ఛార్జింగ్ లేకుండా వదిలేస్తే పాడైపోతాయక్కా" అన్నాడు.

నర్సమ్మ ఖాళీ చేతులతో గేటు దాటుతుండగా ఆమె హాజరు పడింది.