కుర్చీ మీద కర్చీఫ్

సోమవారం పొద్దున్నే లేవాలి, అందరికంటే ముందు ఆఫీసుకు పోవాలి, ఒక కుర్చీలో కూర్చోవాలి. బిల్లులక్క వేసుకున్న పథకం ఇంతే. ఇందులో తేడా రావడానికి చోటెక్కడుంది అంటారా? చోటు లేకపోవడమే అసలు గొడవ.

ఆఫీసులో బిల్లులు చూసే ఆవిడ కాబట్టి అందరికీ ఆవిడ బిల్లులక్క. ఇన్నాళ్ళూ సగంమంది ఇళ్ళ నుంచే పని చేస్తుంటే, అద్దె దండగని మేనేజరు ఆఫీసులో ఒక పక్కంతా ఖాళీ చేయించాడు. ఇప్పుడు ఉన్నట్టుండి అందర్నీ రమ్మన్నాడు. మనుషులెక్కువ, కుర్చీలు తక్కువ. పైగా ఒక మెలిక పెట్టాడు. సోమవారం తొమ్మిదింటికి కుర్చీలో కనబడ్డవాళ్ళకే వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని. నిలబడి కనబడ్డవాళ్ళు ఇక ఐదు రోజులూ రావలసిందే. ఆ రెండు రోజులే బిల్లులక్కకు ప్రాణం. మధ్యాహ్నమే బడి నుంచి వచ్చేసే కూతురు, అమ్మ ఇంట్లో ఉన్న రోజుల్లో పక్కన కూర్చుని, బళ్ళో కబుర్లన్నీ చెబుతూ భోంచేసేది.

"బస్సులో సీటుకి ఏం చేస్తాం? కర్చీఫ్ వేసెయ్. ఇదిగో, నాది పట్టుకుపో," అన్నాడు భర్త నిద్రమత్తులోనే.

మహానుభావుడు! ఇంకా దీపాలైనా వెలగని హాల్లో, కిటికీ పక్క కుర్చీ మీద ఆ కర్చీఫ్ పరిచి, ఆవిడ దర్జాగా కాఫీకి కిందికి దిగింది. తిరిగొచ్చేసరికి హాలు బట్టల దుకాణంలా ఉంది. ఆ కర్చీఫ్‌ని చూసి నేర్చుకున్న జనం కుర్చీ కుర్చీకీ ఏదో ఒకటి తగిలించి కాఫీకి పోతున్నారు. కండువాలు, గొడుగులు, హెల్మెట్లు. ఒక పుణ్యాత్ముడైతే ఎడమకాలి చెప్పు వదిలాడు. కిటికీ పక్క కుర్చీలో తువ్వాలు పరుచుకుని పొడుగు డిజైనరు కూర్చున్నాడు.

"ఇదేంటి తమ్ముడూ, అక్కడ నా కర్చీఫ్ ఉండాలిగా?"

"మడతపెట్టి టేబుల్ మీద పెట్టానక్కా. మరి కర్చీఫ్ కన్నా తువ్వాలు పెద్దది కదా!"

"పెద్దదైతే? ఆఫీసుకి స్నానానికొచ్చావా?"

హాలంతా నవ్వింది గానీ కుర్చీ మాత్రం రాలేదు. తొమ్మిది కావస్తోంది. ఆవిడకు ఏడుపొక్కటే తక్కువ. అద్దాల గదిలో ఒకే ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. మేనేజరుదే, అయితేనేం, తొమ్మిది దాటాక లేచి వచ్చేస్తే సరి! కర్చీఫ్ దాని మీదికి విసిరి, సంచీ తెచ్చుకోవడానికి పరుగెత్తింది.

ఈలోగా మేనేజరు వచ్చాడు. కుర్చీ మీద కర్చీఫ్ చూశాడు. కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు ముఖంలో. కంపెనీ యజమాని పెద్దాయన ఈ వారంలో ఎప్పుడైనా వస్తానని చెప్పి ఉన్నాడు.

"నా కుర్చీ మీద కర్చీఫ్ వేసే దమ్ము ఇంకెవరికుంది? పెద్దాయన వచ్చేశారు!" అని గొణుక్కుంటూ గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మేనేజరే నిలబడ్డాక కూర్చునేదెవరు? పొడుగు డిజైనరు లేచాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ లేచారు. గడియారం తొమ్మిది కొట్టేసరికి కుర్చీల్లో తువ్వాళ్ళూ చెప్పులూ ఉన్నాయి, మనుషులంతా నిలువుకాళ్ళ మీద ఉన్నారు.

సరిగ్గా అప్పుడే పెద్దాయన నిజంగానే వచ్చాడు.

"ఏమయ్యా, ఎవరైనా పోయారా?"

"లేదు సార్, మీ కర్చీఫ్..." అంటూ మేనేజరు వినయంగా చూపించాడు.

"నాది నా జేబులోనే ఉంది. ఇదెవరిది?"

బిల్లులక్క సంచీ పట్టుకుని ముందుకొచ్చింది.

"నాదేనండీ. అంటే, మావారిది. తొమ్మిదింటికి కుర్చీ దొరక్కపోతే మా పాపతో మధ్యాహ్నాలు పోతాయండీ."

ఆ ముక్కతో కథంతా బయటపడింది. పెద్దాయన పగలబడి నవ్వుతూ ఆ కుర్చీలో కూలబడి, ఆ కర్చీఫ్‌తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"మీలో సగంమంది ఇళ్ళల్లో ఉన్నప్పుడు ఫోన్ చేస్తే పని అయ్యేది. ఇవాళ అందరూ వచ్చారు, పనే రాలేదు! వారానికి రెండు రోజులు ఇంటి నుంచి, అందరికీ. కూర్చోమ్మా."

పొడుగు డిజైనరే గబగబా తువ్వాలు లాగేసి బిల్లులక్కకు కుర్చీ ఇచ్చాడు.

"మరి నా రూలు, సార్?" అన్నాడు మేనేజరు నీరసంగా.

"నీ రూలు నీకుంటుందిలేవయ్యా. తొమ్మిదింటికి అందరికంటే ముందు నిలబడింది నువ్వే కదా!"

మర్నాటి నుంచి హాల్లో బోలెడన్ని కుర్చీలు ఖాళీ. ఐదు రోజులూ వచ్చే మేనేజరు ఇప్పుడు ఏ కుర్చీలో కావాలంటే ఆ కుర్చీలో కూర్చుంటున్నాడు.