అరుదు ధ్రువపత్రం

మనిషికి వచ్చే రోగాలన్నింటిలోనూ బొత్తిగా మర్యాద తెలియనివి అరుదైన రోగాలు. జ్వరం, మోకాళ్ల నొప్పి లాంటివి ఫారంలో తమకు కేటాయించిన గడి చూసుకుని పద్ధతిగా వస్తాయి. అరుదైన రోగం జిల్లాలో తనకు గడి ఉందా లేదా అని విచారించకుండానే వచ్చి కూర్చుంటుంది. లింగాల దర్జీ జలాలుద్దీన్ కుడి తొడ మీద లేచిన గడ్డ అచ్చం ఆ బాపతే.

మొదట్లో దానికి ఆయన దర్జీ వైద్యం చేశాడు. ప్యాంటు తొడ దగ్గర బిగుతైతే కుట్టు విప్పి అరంగుళం వదులు చేసుకున్నాడు. రెండు నెలలకు ఇంకో అరంగుళం. ముప్పై ఏళ్లుగా మండలంలో పెరిగిన పొట్టలన్నింటికీ ఆయన చేస్తున్నది అదే. ఒళ్లు పెరిగితే తప్పు బట్టదేనని ఆయన నమ్మకం. అంచుల్లో విడిచిన గుడ్డ పూర్తిగా అయిపోయాక గానీ భయం వేయలేదు.

“ఇంకేం ఇప్పుతవ్, తోలా?” అంది భార్య సుల్తానాబీ. “నడువ్ దవాఖానకు.”

ఊరి దవాఖానాలో డాక్టరు రెబెకా గడ్డను నొక్కి చూసి నవ్వడం మానేసింది. “చాచా, ఇది ఉత్త కొవ్వు గడ్డ లెక్క లేదు. సార్కోమా కావొచ్చు. కండల్నో, ఎముకల్నో పుట్టే క్యాన్సర్, చానా అరుదు. స్కాన్ తీసి, సూదితోని ముక్క తీసి చూడాలె. అంతదాంక ఎవ్వరినీ కత్తి పెట్టనియ్యకు. జల్ది పోతే కాలు దక్కుతది.”

ఆ చివరి మాట ఒక్కటే జలాలుద్దీన్ చెవిలో నిలిచింది. మిషను తొక్కేది ఆ కాలే మరి.

అదృష్టవశాత్తు మన వ్యవస్థలో తొందరకు ప్రత్యేక విభాగం ఉంది. నాగర్‌కర్నూల్‌లో దాని పేరు అరుదైన గడ్డల సత్వర పరిశీలన విభాగం. అక్కడ శ్రవణ్ కుమార్ సహాయ సమన్వయాధికారి (సమన్వయాధికారి పోస్టు ఖాళీ, ఈయన సహాయం ఎవరికో ఇంకా తేలలేదు).

“మీ రోగం అరుదని ప్రూఫ్ ఏది?” అన్నాడాయన.

“డాక్టరమ్మ రాసిచ్చింది గద సార్.”

“మీకు ఉన్నదని రాసింది. వేరేటోళ్లకు లేదని రాయలే.”

న్యాయమే. అందుకే ఏడో నిబంధన ప్రకారం అరుదు ధ్రువపత్రం కావాలి. పంచాయతీ ఆఫీసు గోడకు నోటీసు అంటించారు: లింగాల నివాసి జలాలుద్దీన్ తొడ యందలి గడ్డను అరుదైనదిగా గుర్తించుటకు అభ్యంతరములు గలవారు పదిహేను దినములలో తెలుపవలెను. గోడ మీద నోటీసు కనపడితే అభ్యంతరం చెప్పడం బాధ్యతగా భావించే పెద్దమనిషి ఊళ్లో ఒకడున్నాడు, బాలన్న. ఆయన చదవకుండానే అభ్యంతరం ఇచ్చేశాడు. చదివాక వెనక్కి తగ్గడం నామోషీ అనిపించి, తన వీపు మీదా గడ్డ ఉందని వాంగ్మూలం జత చేశాడు. వీపును తనిఖీ చేయడానికి కమిటీ వచ్చేసరికి ఆ సెగగడ్డ పగిలి మానిపోయింది. సాక్ష్యం మాయం చేసినందుకు బాలన్నకు సంజాయిషీ నోటీసు వెళ్లింది. జవాబు వచ్చేదాకా జలాలుద్దీన్ ఫైలు ఆగింది.

“భూమి నోటీసు అనుకున్న భాయ్” అని బాలన్న నిజంగానే నొచ్చుకున్నాడు. “నీ తొడతోని నాకేం తగాదా లేదు.”

అప్పటికి రెండు నెలలు. జలాలుద్దీన్ ప్యాంటు మానేసి లుంగీకి వచ్చాడు. సుల్తానాబీ నమాజు చాప మీద కూర్చుని లేవడం మరిచిపోయేది. ఆమెను అట్లా చూసినప్పుడల్లా ఆయనే లేచి పొయ్యి మీద చాయ్ పెట్టేవాడు.

ఎట్టకేలకు ధ్రువపత్రం వచ్చింది. శ్రవణ్ కుమార్ లేచి నిలబడి అభినందించాడు. తర్వాత కూర్చుని పదకొండో నిబంధన చదివాడు: స్కానుకు రోగులను అయిదుగురి చొప్పున మాత్రమే పంపవలెను.

“అరుదైన రోగం గద సార్, ఇంకా నలుగురిని ఏడికెళ్లి తేవాలె?”

“అది మీరే చూస్కోవాలె.”

కుంటుకుంటూ ఆయనే చూసుకున్నాడు. మన్ననూర్‌లో మణెమ్మకు మోచేతి దగ్గర గడ్డ, సోమశిలలో పడవ నడిపే యేసయ్యకు ముంజేతి ఎముకలో, ఇంకో ఇద్దరికి ఇంకోచోట. అందరి చేతుల్లోనూ డాక్టర్ల చీటీలున్నాయి. ఒకరి సంగతి ఒకరికి తెలియదంతే. ఆరు వారాల్లో అయిదుగురినీ వరుసగా నిలబెట్టాడు. శ్రవణ్ కుమార్ రెండుసార్లు లెక్కపెట్టి ముఖం చిట్లించాడు.

“ఒక్క జిల్లాల అయిదుగురా? గిట్లయితే ఇది అరుదెట్ల అయితది?”

ధ్రువపత్రం రద్దయింది. అయిదుగురినీ సాధారణ విభాగానికి బదిలీ చేశారు. అక్కడి ఫారంలో ఈ రోగానికి గడి లేదు (అరుదైన రోగం కాబట్టి).

మణెమ్మ ఊరుకోలేదు. “ఎంతమందికి రావాల్నో ముందుగాల చెప్పుండ్రి సారూ, గంతమందిమే తెచ్చుకుంటుంటిమి.” ఆయన దాన్ని సూచనల రిజిస్టరులో రాసుకున్నాడు.

ఈ సంగతి విన్న రెబెకా ఏ నిబంధననూ సంప్రదించకుండా హైదరాబాదులో తనకు పాఠాలు చెప్పిన డాక్టరుకు ఫోను చేసి, అయిదుగురినీ బస్సెక్కించింది. ఆ వారంలోనే స్కాను, సూది పరీక్ష అయ్యాయి. ఆమె అనుమానమే నిజమైంది. మణెమ్మకు చెయ్యి దక్కింది, యేసయ్యకూ దక్కింది. జలాలుద్దీన్ గడ్డ మాత్రం ఈలోగా పెద్ద నరాలను, రక్తనాళాలను చుట్టుకుంది. మూడు నెలల ముందు వచ్చి ఉంటే కాలు నిలిపేవాళ్లమన్నారు అక్కడి డాక్టర్లు. ప్రాణం నిలిపారు. కాలు తొడ పైదాకా తీసేశారు. ఇది రాసేటప్పుడు వెటకారం ఎంత వెతికినా దొరకలేదు.

ఇప్పుడాయన మిషనుకు మోటారు బిగించుకుని కూర్చుంటున్నాడు. మొన్న బ్లౌజు గుండీలు కుడుతుండగా నాగర్‌కర్నూల్ నుంచి ఉత్తరం వచ్చింది. సుల్తానాబీ గట్టిగా చదివి వినిపించింది. మిగతా నలుగురు చికిత్స పొంది జాబితా నుంచి తొలగినందున రోగం తిరిగి అరుదైనదిగా గుర్తించబడినది. కాలు కాపాడు శస్త్రచికిత్సకు అనుమతి మంజూరైనది. పత్రము కొరకు లబ్ధిదారుడు మూడవ అంతస్తుకు స్వయముగా నడిచి రావలెను.