జానెడెత్తు కోసం

శనివారం పొద్దున ఎసెన్‌గుల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక జాకీ, ఒక బావమరిది, ఒక పగలు. సాయంత్రానికి తన పాత వ్యాను జానెడు పైకి లేస్తుంది, సోమవారం దాన్ని మైరమ్‌కాన్ ముందు నిలబెడతాడు. సాంగ్‌కోల్ సరస్సు దగ్గర యాత్రికులకు గుడారాలు నడిపే ఆ మహాతల్లి మొహమాటం లేకుండా చెప్పేసింది. "నీ బండి పొట్ట రాళ్ళకి తగుల్తుంది తమ్ముడూ. పైకి లేపుకొస్తే వేసవంతా పని నీదే. లేదంటే ఇంకోణ్ణి చూసుకుంటా."

ఆ పని దొరక్కపోతే మళ్ళీ రష్యాయే గతి. ఇనుప డబ్బాలాంటి గదిలో పదిమంది మధ్య పడుకుని, తెల్లారి సిమెంటు మూటలెత్తాలి. ఏళ్ళ తరబడి ఎత్తాడు. ఈ ఏడు మాత్రం ఎక్కడికీ వెళ్ళనని భార్య బూరుల్‌కు మాటిచ్చాడు. ఆవిడ నమ్మింది కూడా, పాపం.

పొడవాటి స్ప్రింగులు, లావు టైర్లు పాత సామాన్ల బజారులో దొరికాయి. దొరకనిదల్లా చోటు. మెకానిక్కేమో వచ్చే నెల రమ్మన్నాడు. అపార్టుమెంటు ముందు జాకీ పెట్టగానే కింది అంతస్తు ఆవిడ కిటికీలోంచి తిట్లు మొదలుపెట్టింది. చివరికి బూరుల్ తమ్ముడు చొరొబెక్ తన గ్యారేజీ ఇస్తానన్నాడు, అదీ అక్క కాళ్ళావేళ్ళా పడ్డాక.

"గోడకి గీత పడిందంటే ఊరుకోను బావా," అన్నాడు తాళంచెవి ఇస్తూ.

వ్యాను గుమ్మం దూలానికి తగలకుండా, పిడికెడు సందుతో లోపలికి దూరింది. టైర్లు దించుతుంటే వీధి పెద్ద బాయిష్ తాత అటుగా వచ్చాడు.

"ఏంట్రా, ఏదో పని పెట్టుకున్నట్టున్నావ్?"

"చిన్న పనే తాతా. ఓ చెయ్యి సాయముంటే చాలు."

అది మర్యాదకన్న మాట. కానీ వాళ్ళ ఊరు కారాబాల్తాలో పెద్దవాళ్ళ ముందు సాయం అన్నాక దాన్ని వెనక్కి తీసుకునే దారి లేదు. తాత వీధి చివరిదాకా గుమ్మం గుమ్మం తట్టి చెప్పాడు. "చొరొబెక్ గ్యారేజీ దగ్గర ఆషార్ ఉంది, పదండి!" ఆషార్ అంటే ఊరంతా వచ్చి కూలి పుచ్చుకోకుండా చేసే పని. కూలి ఉండదు గానీ గొర్రె ఉంటుంది. ఆ గొర్రె పిలిచినవాడిది.

కాసేపటికి వీధంతా దిగింది. సగంమంది చేతుల్లో పారలు, తాపీలు, ఇటుకల బండ్లు. గ్యారేజీ దగ్గర ఆషార్ అంటే గ్యారేజీ కట్టడానికే అనుకున్నారు. వాళ్ళ తప్పేం లేదు, కారు లేపడానికి ఆషార్ పిలిచిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు.

"పునాది ఎక్కడ తవ్వాలి?" అన్నాడు అబ్దిల్దా మేస్త్రి.

"ఇది కారు పని అన్నా. మీరు శ్రమపడకండి, వెళ్ళిపోండి."

"వచ్చినవాణ్ణి పొమ్మంటావా? తినకుండానా?"

బూరుల్ గొర్రె కోసం పరిగెత్తింది. చొరొబెక్ పళ్ళు నూరుతూ వచ్చాడు. "నా ఇంటి దగ్గర జాతర పెట్టావేంటి బావా?"

మాంసం పొయ్యి మీద ఉడుకుతుండగా పని నడిచింది. నాలుగు చక్రాలూ వయసు వరసలో పంచుకున్నారు. స్ప్రింగులు బిగించారు, లావు టైర్లు ఎక్కించారు. నిజం చెప్పుకోవాలి కదా, వాళ్ళు బిగించింది గట్టిగానే బిగించారు. వ్యాను ఠీవిగా లేచి నిలబడింది. ఎసెన్‌గుల్ కళ్ళు చెమర్చాయి. ఇంజను వేసి, వెనక్కి పోనిచ్చాడు. కప్పు ఠంగున దూలానికి కొట్టుకుంది.

అందరూ దూలం వైపు చూశారు, తర్వాత వ్యాను వైపు, తర్వాత బాయిష్ తాత వైపు.

"గుమ్మం పొట్టిది," తేల్చేశాడు తాత. "పైన పగలగొట్టాలి."

పొద్దుట్నుంచి పారలు పట్టుకుని ఖాళీగా కూర్చున్నవాళ్ళ మొహాలు వెలిగిపోయాయి.

బూరుల్ మొగుడి పక్కకొచ్చి గొంతు తగ్గించింది. "పాత టైర్లు ఎక్కించి గాలి తీసేస్తే వచ్చేస్తుంది కదా. చెప్పు."

"తెలుసు."

"తెలిస్తే చెప్పవేం?"

అప్పటికే తాత అరచేతులు చాపి దీవెన చదివేశాడు. అందరూ మొహాలు తడుముకుని ఆమీన్ అన్నారు. దీవెన పడిన పనిని కాదంటే తాతను వీధిలో నిలబెట్టి కొట్టినట్టే. ఎసెన్‌గుల్ నోరు తెరిచాడు, మూశాడు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తుతున్నారని తెలిసీ పెద్దరికానికి తలొంచి నిలబడ్డాడు. మర్యాద అని మనం చెప్పుకునేదాంట్లో పిరికితనం ఎంతో ఎవరూ కొలవరు.

"బావా, నా గోడ!" చొరొబెక్ అరుపు సుత్తి దెబ్బల్లో కలిసిపోయింది.

నాలుగో దెబ్బకు గోడ కదిలింది. అయిదో దెబ్బకు దూలం ఊడి తిన్నగా వ్యాను కప్పు మీద పడింది. దుమ్ము తగ్గాక చూస్తే కప్పు సీట్ల వీపులదాకా అణిగిపోయి ఉంది.

"చూశారా," అన్నాడు బాయిష్ తాత, "ఇప్పుడు సులువుగా పడుతుంది."

నిజంగానే పట్టింది. నలుగురు తోస్తే సాఫీగా బయటికొచ్చింది. తర్వాత మాంసం వడ్డించారు. గొర్రె తలకాయ, పెద్దరికం కొద్దీ, తాతకు దక్కింది.

సోమవారం మైరమ్‌కాన్ వ్యాను చుట్టూ తిరిగింది. వంగి కింద చూసి మెచ్చుకుంది. పైన చూసి అడిగింది. "ఇందులో మనుషుల్ని కూర్చోబెడతావా, పడుకోబెడతావా?" ఆ సాయంత్రానికే పని ఇంకొకడికి ఇచ్చేసింది.

గోడ కూల్చింది ఎసెన్‌గుల్ ఆషార్ కాబట్టి, కట్టించడమూ అతని బాధ్యతే అని వీధి తీర్మానించింది. ఇంకో గొర్రె. ఇటుకల కోసం వ్యానును పాత ఇనుముకు అమ్మాడు. అబ్దిల్దా మేస్త్రి మనసు పెట్టి కట్టాడు. ఈసారి గుమ్మం లారీ పట్టేంత ఎత్తు. కొత్త గ్యారేజీ ముందు నిలబడి చొరొబెక్ పెద్దమనసు చేసుకున్నాడు. "పోన్లే బావా, నేనేం మనసులో పెట్టుకోలేదు."

ఇంటికొచ్చాక ఎసెన్‌గుల్ రష్యాకు బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. బూరుల్ చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది.

"ఆ ఒక్క మాట అనుంటే ఇంట్లో ఉండేవాడివి," అంది.

"పెద్దాయన ముందు ఎలా అంటాను?"

"నా ముందు వెళ్తానని ఎలా అంటున్నావో అలాగే."

ఆవిడ ఉన్ని మేజోళ్ళు తెచ్చి సంచిలో కుక్కి, మొహం తిప్పుకుంది.

బస్సులు ఆగే చోటికి సాగనంపడానికి వీధంతా వచ్చింది. ఉన్నది ఒకటే సంచి అయినా, మోయడానికి అయిదుగురు పోటీపడి లాక్కున్నారు. వద్దనడానికి ఎసెన్‌గుల్‌కు ఈసారీ నోరు రాలేదు. బస్సు ఊరు దాటాక తెలిసింది, సంచిని వాళ్ళు పక్క బస్సులో భద్రంగా పెట్టారని.