పిట్టలు వాలని పొలమే పొలం

పిట్ట వాలని పొలంలో బతుకుతున్న అదృష్టవంతుణ్ణి నేను. మీరేం కుళ్ళుకోకండి. కాస్త ఓపిక పడితే ఈ భాగ్యం మీకూ దక్కుతుంది.

అసలు పిట్టలంటే ఏమిటి? పనీపాటా లేని జాతి. తెల్లారకుండానే కచేరీ మొదలుపెడతాయి. పిలవకుండా వస్తాయి, అడక్కుండా తింటాయి, చెప్పకుండా పోతాయి. చుట్టాల్లో ఇలాంటివాళ్ళుంటే మనం తలుపు తీస్తామా?

మా బావ ఆదర్శ రైతు. అంటే సెల్‌ఫోన్‌లో చూసిందల్లా చేలో చేసి చూపించే మనిషి. ఆయన మొక్కజొన్న చేను చుట్టూ ముళ్ళ కంచె ఉండేది. పొదలూ తీగలూ అల్లుకుపోయి, నిండా గూళ్ళు.

"దీన్ని పీకేస్తే ఇంకో రెండు సాళ్ళు వస్తాయి" అన్నాడు బావ.

"పిట్టలుండే చోటండీ, వదిలేయండి" అంది అక్క.

అక్క మాట బావ ఎప్పుడు విన్నాడు కనుక? ట్రాక్టర్ వచ్చింది, కంచె పోయింది. మోటారు గది వెనక ఒక్క పొద మిగిలింది, అదీ డీజిల్ అయిపోబట్టి.

ఆహా, ఆ నిశ్శబ్దం! పరీక్ష హాల్లో కూడా అంత ఉండదు. బావ గట్టు మీద నిలబడి మీసం దువ్వుకున్నాడు. నేను కుర్చీ వేసుకుని హాయిగా కునుకు తీశాను.

చేను నీటుగా ఉండటం పురుగులకూ నచ్చింది. సకుటుంబ సపరివారంగా దిగాయి. మొవ్వుల్లో దూరి ఆకుల్ని జల్లెడ చేశాయి. బావ మందు కొట్టాడు. అవి కాస్త తుమ్మి, మళ్ళీ భోజనానికి కూర్చున్నాయి.

వ్యవసాయ అధికారిగారు వచ్చి చూశారు. పక్షి స్థావరాలు పెట్టండి, పిట్టలు వాలి పురుగుల్ని తింటాయి అన్నారు. స్థావరమంటే మరేం కాదు, ఒక కర్రకి అడ్డంగా ఇంకో కర్ర కట్టి చేలో పాతడం. పచ్చని కొమ్మ నరికేసి ఎండు కొమ్మ పాతడమన్నమాట! సైన్సంటే ఇదీ.

ఒక్క పిట్టా రాలేదు. రావడానికి ఎక్కడో ఒకచోట ఉండాలిగా? బావ ఊరుకుంటాడా? ఒకదాన్ని చూసి ఇంకోటి వస్తుందని బజారు నుంచి ప్లాస్టిక్ పిట్టలు తెచ్చి కర్రకొకటి కట్టాడు. ఎంత క్రమశిక్షణో వాటికి! గింజ ముట్టవు, రెట్ట వేయవు, నోరెత్తవు. పురుగులు వాటి నీడలో విశ్రాంతి తీసుకుంటున్నాయి.

చివరికి చేత్తో ఏరడమే దారి అని తేలింది. ఈ వరంలో అసలు తీపి ఇక్కడే ఉంది. పొద్దున్నే అక్కా, బావా, నేనూ తలా ఒక డబ్బా పట్టుకుని సాళ్ళలోకి దిగుతున్నాం. ఇంతకుముందు మేం ముగ్గురం కలిసి భోంచేసింది కూడా లేదు! ఒకటి ఏరితే పక్క మొక్కలో నాలుగు. అక్కావాళ్ళ ఇల్లు గడిచేది ఈ పంటతోనే. అక్క ఆ మాట పైకి అనదు, చేతులు మాత్రం ఆపదు.

నిన్న బావ నడుం పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

"రోజంతా ఈ పని పిట్టలు ఎట్లా చేసేవిరా? అదీ ఊరికే."

"ఊరికే ఏం కాదు" అంది అక్క, తలెత్తకుండా. "ఉండటానికి ఇంత చోటడిగాయి. మీరు పీకించారు."

అప్పుడే బావ ఫోన్ మోగింది. ట్రాక్టర్ డ్రైవర్. మిగిలిన ఆ పొద కూడా పీకేయడానికి రేపు రమ్మంటారా అని. బావ నా వంక చూశాడు. నేను డబ్బాలోకి చూశాను. అక్క చేతులు తుడుచుకుని ఫోన్ లాక్కుంది.

"రా తమ్ముడూ, తప్పకుండా రా. చేలోంచి తీసేయాల్సింది ఏదైనా ఉంటే మా ఆయనే, ఎక్కించుకుపో. పొద మీద చెయ్యి పడిందో, ఊరుకోను."

బావ డబ్బా అందుకుని లేచి సాల్లోకి దిగాడు.

పిట్ట వాలని పొలం వరమనే నేనింకా అంటున్నాను. నమ్మినవాళ్ళు రేపు పొద్దున్నే రండి. ఒక సాలు మీకోసం అట్టే పెట్టాం.