తప్పు దిద్దే ముహూర్తం

మచిలీపట్నంలోని ఏసీ కల్యాణ మండపంలో మంత్రిగారు మైకు రెండుసార్లు తట్టి, ముప్పై రోజుల్లో పదివేలమంది కొత్తవాళ్లను ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్లుగా తీర్చిదిద్దుతామని ప్రకటించారు. ఓపెన్ సోర్స్ అంటే ఏమిటని ఒక విలేకరి అడిగాడు. "అందరిదీ అన్నమాట. అందుకే నేను స్వయంగా చూసుకుంటున్నాను" అన్నారు మంత్రిగారు, తడుముకోకుండా. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

వేదిక మీద నాలుగో కుర్చీలో కూర్చున్న నోడల్ ఆఫీసరు వెంకటపతికి కళ్లు చెమర్చాయి. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన ఎన్నో శాఖలు చూశాడు, ఎందరో నాయకులకు శాలువాలు అందించాడు. బొత్తిగా తెలియని విషయాన్ని ఇంత ధీమాగా చెప్పగల మహానుభావుణ్ని చూడటం మాత్రం ఇదే మొదలు.

ఈ కొత్తవాళ్లంతా చేరబోయే సాఫ్ట్‌వేర్ పేరు 'నీటి వంతు'. గుడివాడలో కంప్యూటర్ లెక్చరర్‌గా పనిచేసే రెబెకా, ఇంకో నలుగురు స్నేహితులు కలిసి సెలవుల్లో రాశారు. దివిసీమలో శివారు పొలాలకు కాలవ నీళ్లు ఏ రోజు, ఏ గంటకు వస్తాయో ఫోన్‌లో చూపిస్తుంది. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు. అది నడిచే సర్వర్ మాత్రం మంత్రిగారి శాఖ ఇస్తే తీసుకున్నారు. రెబెకా తన జీవితంలో చేసిన పెద్ద పొరపాటు అదొక్కటే. యాప్ వచ్చాక కాలవ మీద నీళ్లు వదిలే లస్కర్లు ఊళ్లోకొచ్చి వంతు సంగతి చెప్పడం మానేశారు. నోటీసు బోర్డు మీద కాగితం అంటించడమూ మానేశారు. దాన్నే డిజిటల్ పాలన అన్నారు.

మర్నాడు గెస్ట్ హౌస్‌లో సమీక్ష జరిగింది. కొత్తవాళ్లను ఎలా చేర్చుకుంటారని మంత్రిగారు అడిగారు.

"కొత్తవాళ్లకి భయం ఉంటుందండీ" అంది రెబెకా. "అందుకని ఒక తేలికైన తప్పుని వాళ్లకోసం పక్కన పెట్టి ఉంచుతాం. ఎలా సరిచేయాలో పక్కన కూర్చుని చూపిస్తాం. అయ్యాక థ్యాంక్స్ చెప్తాం. అంతేనండీ, మళ్లీ వాళ్లే వస్తారు."

"చాలా బాగుంది. అయితే మొదటి కొత్తవాణ్ని నేనే. ఏ తప్పు ఉంచారు?"

"నాగాయలంక పేరులో ఒక దీర్ఘం పోయిందండీ."

మంత్రిగారి మొహం చిన్నబోయింది.

"ఏమ్మా, రాష్ట్ర మంత్రి చేతికి దీర్ఘమా? పెద్దది లేదూ?"

అబద్ధం ఆడటం రాని మనిషి రెబెకా. "ఒకటుందండీ. మొన్న చేసిన మార్పుల్లో పగలూ రాత్రీ తారుమారయ్యాయి. పొద్దున ఆరింటి వంతు సాయంత్రం ఆరని చూపిస్తోంది. కానీ అది కొత్తవాళ్లకోసం ఆపేది కాదండీ. నారుమళ్ల రోజులు. ఇవాళే..."

"ఎవరూ ముట్టుకోవద్దు" అన్నారు మంత్రిగారు. "దాన్ని నా చేతుల మీదుగా సరిచేద్దాం. ఏమయ్యా వెంకటపతీ, రాసుకున్నావా?"

వెంకటపతి రాసుకున్నాడు. కింద గీత కూడా గీసుకున్నాడు.

ఆ సాయంత్రమే ఘోరం జరిగిపోయింది. కోడూరు నుంచి హారిక అనే డిగ్రీ సెకండియర్ అమ్మాయి, ఇంతకుముందు ఏ సాఫ్ట్‌వేర్‌కీ ఒక్క లైను రాసి ఎరగనిది, కోడ్ తెరిచి చూసి, తప్పు పట్టుకుని, మూడు లైన్లు మార్చి పంపించేసింది. రెబెకా దాన్ని పరీక్షించి, చేర్చుకుని, థ్యాంక్స్ కూడా చెప్పేసింది. రిబ్బను లేదు, జ్యోతి ప్రజ్వలన లేదు, స్వాగతోపన్యాసం లేదు. తప్పు అనాథలా పోయింది.

వెంకటపతి రెబెకాకు ఫోన్ చేశాడు. "ఏంటమ్మా ఈ అన్యాయం? ఆ తప్పు మళ్లీ పెట్టేయండి."

"తప్పుని మళ్లీ పెట్టడమేంటండీ?"

"ప్రారంభోత్సవం అయ్యేదాకేనమ్మా. ఆ తర్వాత మేమే తీసేస్తాం కదా."

రెబెకా ససేమిరా అంది. వెంకటపతి చేసేది లేక శాఖ ఆపరేటర్‌ని పిలిపించి, హారిక రాసిన మూడు లైన్లూ సర్వర్లోంచి తీయించాడు. పగలు మళ్లీ రాత్రయింది. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

ఇక తారీఖు ఒక్కటే తరువాయి. మంత్రిగారి సిద్ధాంతిగారు పంచాంగం తిరగేసి, ఆషాఢంలో ఏ శుభకార్యమూ పనికిరాదన్నారు. తప్పు దిద్దడం శుభకార్యమేనా అని వెంకటపతి ఎంతో వినయంగా అడిగాడు. "మంత్రిగారు చేస్తే ఏదైనా శుభకార్యమే" అన్నారు సిద్ధాంతిగారు. శ్రావణంలో రెండో శుక్రవారం పదీ నలభైకి దివ్యమైన లగ్నం ఉందని తేల్చారు. అప్పటిదాకా నెలా పదిరోజులు తప్పుని కంటికి రెప్పలా కాపాడుకోవాలి.

వెంకటపతి కాపాడాడు. తప్పు ఉందని ముందే అందరికీ తెలిస్తే ప్రారంభోత్సవంలో కొత్తదనం ఏముంటుంది? అందుకని శాఖ తరఫున పత్రికా ప్రకటన ఇచ్చాడు: యాప్‌లో ఎలాంటి లోపమూ లేదు, వదంతులు పుట్టించేవారిపై చట్టపరమైన చర్యలు తప్పవు.

అలాగని ఆయన రాతిగుండె మనిషి కాదు. కోడూరు పక్కనే ఆయనకు రెండెకరాలుంది. అక్కా బావా సాగు చేస్తున్నారు. ఆ రోజే బావ లక్ష్మయ్యకు ఫోన్ చేసి, గొంతు తగ్గించి చెప్పాడు: "బావా, యాప్‌ని తిరగేసి చూసుకోండి. పొద్దున అంటే రాత్రి, రాత్రంటే పొద్దున. ఎవరికీ చెప్పకండి, ఆఫీసు రహస్యం."

లక్ష్మయ్య నారుమడి పచ్చగా లేచింది. ఊళ్లో మిగతావాళ్లు పారలు భుజాన వేసుకుని కాలవ దగ్గరికి వెళ్లేసరికి వాళ్ల వంతు అయిపోయి పన్నెండు గంటలయ్యేది. పెళ్లాం తరఫు బంధుబలం వల్లే లక్ష్మయ్యకు నీళ్లొస్తున్నాయని వాళ్లు అనుకున్నారు. వాళ్లు అనుకున్నదాంట్లో తప్పేం లేదు.

ఆషాఢం సగమయ్యాక హారిక మచిలీపట్నం ఆఫీసుకు వచ్చింది. చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చింది.

"సార్, నేను సరిచేసింది ఎందుకు తీసేశారు? మా నారుమడి ఎండిపోయింది."

"నీకు తెలుసు కదమ్మా, తిరగేసి చూసుకోవాలని. మీ నాన్నకి చెప్పలేదా?"

"చెప్పానండీ. పంచాయతీ బోర్డు మీద సుద్దముక్కతో రాశాను కూడా. సెక్రటరీగారు చెరిపించేశారు. మా నాన్న మీ ప్రకటన చదివి, గవర్నమెంటువాళ్లు తప్పు చెప్తారా, నువ్వు చెప్తున్నావా అన్నారు."

ఆ తండ్రి సంస్కారానికి వెంకటపతి ముగ్ధుడయ్యాడు. అమ్మాయికి కుర్చీ చూపించాడు. కనీసం సర్టిఫికెట్ అయినా ఇప్పిద్దామని కొత్తవాళ్ల జాబితా తెప్పించి పేరు రాయబోయి ఆగిపోయాడు.

"చిక్కేనమ్మా. ఈ పథకం కొత్తవాళ్లకి. నువ్వు ఆల్రెడీ ఒకటి సరిచేసేశావ్. రూల్స్ ప్రకారం నువ్వు పాతదానివి."

హారిక బయటికెళ్లి చెప్పులు వేసుకుంది. రెండోసారి విత్తనాలు చల్లడానికి బంటుమిల్లిలో చుట్టాల దగ్గర వడ్లు అడగాలని, ఆ బస్సు ఎక్కడ ఆగుతుందో అటెండర్ని అడిగి వెళ్లింది.

శ్రావణ శుక్రవారం రానే వచ్చింది. ఉయ్యూరు, పెదపారుపూడి, బంటుమిల్లి నుంచి నలభై బస్సుల్లో కొత్తవాళ్లు దిగారు. ఒక్కొక్కరూ వచ్చి కంట్రిబ్యూటర్ల జాబితాలో తమ పేరు తామే టైపు చేసి, పులిహోర పొట్లం తీసుకుని వెళ్లారు. సాఫ్ట్‌వేర్‌కి వాళ్లు చేసిన సాయం అదే. ఆ జాబితా బరువుకి యాప్ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పడుతోందని రెబెకా మొత్తుకుంది. సభకు ఆమెను పిలవలేదు కాబట్టి ఎవరికీ వినపడలేదు.

పదీ నలభైకి మంత్రిగారు కొబ్బరికాయ కొట్టి, లాప్‌టాప్‌కి బొట్టు పెట్టి, ఎంటర్ నొక్కారు. హారిక రాసిన మూడు లైన్లు తిరిగి లోపలికెళ్లాయి. పగలు పగలైంది, రాత్రి రాత్రయింది. కెమెరాలకోసం మంత్రిగారు ఇంకో రెండుసార్లు నొక్కారు.

ఆ చప్పట్ల మోత మంత్రిగారిని కదిలించింది. "వెంకటపతీ, ఇంత మంచి కార్యక్రమం ఒక్క ఊరికేనా? రేపు గుడివాడలో, ఎల్లుండి అవనిగడ్డలో, ఆ తర్వాత బంటుమిల్లిలో పెట్టేయ్. అక్కడ ఏ తప్పు దిద్దుదాం?"

"ఇంక పెద్ద తప్పులు లేవండి."

"ఇది బానే ఉంది కదయ్యా. జనానికి ఎక్కింది కూడా."

అలా తప్పు ప్రయాణం మొదలైంది. కాన్వాయ్‌లో ఆఖరి కారులో ఆపరేటర్ లాప్‌టాప్‌తో కూర్చునేవాడు. ఊరు దాటగానే తప్పు పెట్టేవాడు. వచ్చే ఊళ్లో మంత్రిగారు దాన్ని దిద్దేవారు. కొన్ని రోజులు పొద్దున ఒక ఊరు, సాయంత్రం ఒక ఊరు పడేది. నాలుగు రోజులకల్లా జిల్లాలో ఏ సాఫ్ట్‌వేరూ ఎరగనంత అభివృద్ధిని 'నీటి వంతు' చూసింది.

బంటుమిల్లి సభలో వెంకటపతికి ఉత్తమ అధికారి శాలువా కప్పుతుండగా జేబులో ఫోన్ మోగింది. లక్ష్మయ్య. వేదిక వెనక్కి వెళ్లి ఎత్తాడు.

"వెంకటపతీ, నారు పీకించి కట్టలు కట్టించి గట్టు మీద పెట్టాను. కూలోళ్లు రేపొస్తారు. పొలం దమ్ము చేయడానికి చుక్క నీళ్లు లేవు. మొన్న తిరగేసి చూశాను, వంతు పోయింది. నిన్న తిన్నగా చూశాను, పోయింది. ఈ వంతు కూడా పోతే నారు ఎండు గడ్డే. హారికా వాళ్ల నాన్న కూడా ఇక్కడే ఉన్నాడు, వాళ్ల రెండో నారు కూడా వాడిపోతోంది. ఇప్పుడు పొద్దున ఆరు అని చూపిస్తోంది. ఏ ఆరు? తిన్నగా చూడాలా, తిరగేసి చూడాలా?"

వెంకటపతికి ఆపరేటర్ ఎక్కడున్నాడో తెలియదు. బంటుమిల్లిలో నొక్కడం అయిందో లేదో, తను శాలువా హడావుడిలో చూసుకోలేదు. వేదిక మీదికి తొంగి చూశాడు. మంత్రిగారి కుర్చీ ఖాళీగా ఉంది.

"లైన్లో ఉండండి బావా" అన్నాడు. "మంత్రిగారు ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారో కనుక్కుని చెప్తాను."