గురువారం దాకా నొప్పి

ఆ వారం ఇంట్లో ఉన్నది నలుగురు: బాబాయి, పిన్ని, పిన్ని వాళ్ళ అక్క కూతురు, బాబాయి నడుము. నడుమును విడిగా లెక్కపెట్టడానికి కారణముంది. కొన్ని వారాలుగా ఆ ఇంట్లో దానికి జరిగిన మర్యాద మనుషులెవరికీ జరగలేదు. దానికో దిండు, దానికో వేడినీళ్ళ సంచి, కిటికీ పక్కన దానికో కుర్చీ.

అక్క కూతురిని బాబాయి ‘థీసిస్’ అని పిలుస్తాడు. ఆ పిల్ల ఈ పరాయి దేశానికి వచ్చింది ఆరోగ్య వ్యవస్థలను చదవడానికి. అంటే డాక్టరు కావడానికి కాదు, డాక్టరు దగ్గరికి జనం ఎలా వెళతారో తెలుసుకోవడానికి.

“నడిచి వెళతారు. దానికి యూనివర్సిటీ ఎందుకే?” అని కుట్టుమిషను ముందు కూర్చున్న పిన్ని మొదటిరోజే అడిగింది.

థీసిస్ జాలిగా నవ్వింది. చదువుకున్నవాళ్ళు చదువుకోనివాళ్ళను చూసి నవ్వే నవ్వు అది, దానికి అద్దం ముందు సాధన కావాలి. ఆమె నోట ‘వ్యవస్థ’ అన్న మాట రాని పూట లేదు. పాలు పొంగితే పొయ్యి కట్టేసే వ్యవస్థ ఒక్కటే ఆమెకు తెలియదు.

సోమవారానికి ఆమె ఒక రోగి కథ రాసివ్వాలి. రోగి వెంట డాక్టరు గదిలోకి వెళ్ళి, చూసింది చూసినట్టు రాయాలి. రాయకపోతే ఆ టర్మ్ మళ్ళీ మొదటినుంచి చదవాలి. ఆ మాట అమ్మకు ఫోనులో చెప్పడం కంటే చెయ్యి విరగ్గొట్టుకుని తానే రోగి కావడం మేలు. అందుకే బాబాయి నడుము పట్టేసిన రోజు ఆ ఇంట్లో సంతోషించిన మనిషి ఆమె ఒక్కతే. వెంటనే ఆసుపత్రికి ఫోను చేసింది. అక్కడివాళ్ళు అటు తిప్పి ఇటు తిప్పి, చాలా దూరంలో ఉన్న ఒక గురువారం ఇచ్చారు.

నొప్పి ఆ గురువారం దాకా ఆగలేదు.

బుధవారం పొద్దున బాబాయి స్టూలెక్కి, కూనిరాగం తీస్తూ, అటక మీది బిస్కెట్ల డబ్బా దింపుతున్నాడు.

“బాబాయ్! నీ నడుమేమైంది?”

“తగ్గిపోయిందే. పువ్వులా ఉంది.”

“తగ్గిపోతే నా గతేం కావాలి? ఒక్క రోజు ఆపుకోలేకపోయావా?”

“ఆపుకోడానికి అదేమైనా తుమ్మా?”

“రేపొక్క పూట మళ్ళీ తెప్పించుకో. తగ్గిందని తెలిస్తే పిన్ని నిన్ను కుర్చీలో కూర్చోనిస్తుందా?”

బాబాయి ఆలోచించాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. ఇంట్లో మాత్రం చెంచా కూడా పైకి లేపడు.

ఆలస్యమైపోయింది. పిన్ని గుమ్మంలో నిలబడి అంతా చూసింది. “కూనిరాగం తీసే నడుముకు బీరువా ఒక లెక్కా? రండి, ఆ పక్క పట్టండి!” ఆ పూటే బీరువా వేరే గదిలోకి మారింది.

నడుము తగ్గినా, వారాలు కాచిన గురువారాన్ని వదులుకోడానికి పిన్ని ఒప్పుకోలేదు. కానీ ఆమె డాక్టరు గదిలోకి వచ్చిందంటే ముందు బయటపడేది ఆ బీరువాయే. అందుకని థీసిస్ రాత్రికి రాత్రి ఒక చట్టం చేసింది.

“పిన్నీ, ఇక్కడ రోగి ఒక్కరే లోపలికి వెళ్ళాలి. నేను దుబాసీని కాబట్టి నన్ను రానిస్తారు.”

“పెళ్ళయినప్పటినుంచి ఈయన ఒంటి సంగతులు డాక్టర్లకు నేనే చెబుతున్నాను. ఆయనకేం తెలుసు?”

“గోప్యత పిన్నీ! పెళ్ళామైనా తలుపవతలే. రూలు.”

అలాంటి రూలు ఆ దేశంలో లేదు. తోడు ఎవరినైనా తీసుకెళ్ళొచ్చు. థీసిస్ పరీక్షలో ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకుంది కూడా.

గురువారం పిన్ని బయట బెంచీ మీద కూర్చుంది. లోపల డాక్టరమ్మ బాబాయి చొక్కా విప్పించి, బల్లెక్కించి, ఎక్కడ నొప్పి అని అడిగింది.

“అప్పుడప్పుడూ కాస్త లాగుతుంది,” అన్నాడు బాబాయి.

“రాత్రుళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటున్నాడు,” అని థీసిస్ అనువదించింది.

“ఏ వైపు?”

బాబాయి కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. కుడి అనాలో ఎడమ అనాలో ముందే అనుకోలేదు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆయనకు ఒళ్ళంతా అలవాటే. తలుపు వైపు తిరిగి గట్టిగా కేకేశాడు.

“ఏమేవ్! నాకు నొప్పి ఏ వైపు?”

“ఏ వైపూ లేదు!” బయటినుంచి జవాబు ఖంగుమంది. “నిన్ననేగా బీరువా మోశారు!”

“ఏమంటోంది?” అంది డాక్టరమ్మ.

“భర్త గురించి బెంగపడుతోంది,” అంది థీసిస్.

తలుపు తెరుచుకుంది. పిన్ని లోపలికొచ్చి, అదే మాట ఆ దేశపు భాషలో, తప్పులతో సహా గలగలా చెప్పేసింది. డాక్టరమ్మ పగలబడి నవ్వింది. బాబాయి బల్ల మీదినుంచి దిగి చొక్కా బొత్తాలు పెట్టుకున్నాడు, ఒకటి తప్పించి ఒకటి. థీసిస్ కాలి బొటనవేలితో నేల గీకుతూ నిలబడింది.

“బీరువా ఆయనొక్కడే మోశాడా?” అని డాక్టరమ్మ అడిగింది.

“ఆయనా? రెండో పక్క నేను పట్టుకోకపోతే…” అంటూ పిన్ని చెయ్యి తన నడుము మీదికే పోయింది.

డాక్టరమ్మ నవ్వు ఆపింది. లేచొచ్చి అక్కడే వేలితో నొక్కింది. పిన్ని కెవ్వుమంది.

“ఎప్పటినుంచి?”

ఊళ్ళోవాళ్ళందరి రోగాలూ కంఠతా చెప్పగల పిన్ని ఈ ప్రశ్నకు వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి, రెండో చెయ్యి కూడా తీసింది. ఆమెను ఆ మాట అడిగినవాళ్ళు ఇంతకుముందు లేరు. బల్లెక్కమని డాక్టరమ్మ సైగ చేసి, మిగతా ఇద్దరికీ తలుపు చూపించింది.

థీసిస్‌కు ప్రాణం లేచొచ్చింది. అందరి నొప్పులూ మోసుకొచ్చి తన నొప్పి బయటపెట్టని మనిషి! అసలైన కథ ఇదే!

“పిన్నీ, నేనుంటాను. నీకు అనువాదం చేస్తాను.”

“ఈ ఊరివాళ్ళ ప్యాంట్లన్నీ బిగించిందీ వదులు చేసిందీ నేనే. కొలతలు ఏ భాషలో అడిగాననుకున్నావు?”

“అది కాదు పిన్నీ, సోమవారానికి నా రిపోర్టు! నువ్వే నా రోగివి!”

“ఎవరే నీ రోగి?” పిన్ని ఆమె భుజం పట్టుకుని, బాబాయి వెనకాలే గుమ్మం దాటించింది. “గోప్యత తల్లీ. రోగి ఒక్కరే.”

తలుపు మూసింది.